శిలాఫలకం మీద చోటు

క్యాపిటల్ భవనం ముందు నిలబడి ఫొటో దిగి, దాని కింద ‘వైట్ హౌస్ దగ్గర మేము’ అని రాసి ఊరందరికీ పంపినవాళ్లు ఒక్కొక్కరూ నాకు గుర్తున్నారు. మా పెద్దబావగారైతే ఆ ఫొటోకి పటం కట్టించి హాల్లో టీవీ పైన తగిలించారు. నేను పనిగట్టుకుని ఫోన్ చేసి చెప్పాను. అధ్యక్షుడు ఉండే ఇల్లు వేరు, చట్టసభ కూర్చునే భవనం వేరు, గుమ్మటం ఉన్నది చట్టసభ అని. “తెల్లగానే ఉంది కదయ్యా” అన్నారాయన. తెలుపు సంగతి కాదు, అది ఇల్లు కాదు అన్నాను. “పోన్లే, గుమ్మటం ఉన్నదే బాగుంది. ఇదే ఉండనీ” అన్నారు. ఆ పటం ఇప్పటికీ అక్కడే ఉంది. నేను వాళ్లింటికి వెళ్లినప్పుడల్లా దానికి వీపు పెట్టి కూర్చుంటాను.

మేముండేది వాషింగ్టన్ పక్కనే, వర్జీనియాలో, షాంటిలీలో. ఇక్కడ ఇల్లు కొనేటప్పుడు బడి బాగుందా, నేలమాళిగలో చెమ్మ ఉందా అని చూశాను కానీ విమానాశ్రయం ఎంత దగ్గరో చూసుకోలేదు. ఇండియా నుంచి ఎవరు దిగినా, వాళ్లు అసలు వెళ్లాల్సింది న్యూజెర్సీ అయినా సరే, మొదటి రాత్రి మా ఇంట్లో, మర్నాడు నా కారులో. అలా నేను క్యాపిటల్‌కి వెళ్లినన్నిసార్లు ఆ సభకి ఎన్నికైనవాళ్లలో కొందరు వెళ్లి ఉండరు.

మొదట్లో నాకా భవనం మీద ప్రత్యేకమైన ప్రేమేమీ లేదు. ఎర్రకోటు వేసుకున్న గైడ్ చెప్పేది వినీ వినీ, ఇంటికొచ్చి చదివీ చదివీ, అది నాకు దగ్గరైంది. పైకి చూస్తే పాలరాయిలా మెరుస్తుంది కానీ దాని లోపలి కథంతా అలకలు, అవమానాలు, కమిటీలు. నమూనా కోసం పోటీ పెట్టారు. గెలిచింది ఎవరనుకున్నారు? ఒక వైద్యుడు. భవనాలు కట్టడం చదువుకోని మనిషి. ఆయన ప్లాన్ గడువు దాటాక వచ్చింది, అయినా తీసుకున్నారు. వాస్తువిద్య చదువుకుని, గడువులోపలే ప్లాన్ ఇచ్చిన మనిషిని రెండోవాడిని చేసి, ఆ వైద్యుడి భవనాన్ని దగ్గరుండి కట్టించమన్నారు. ఆయన ఊరుకుంటాడా? చాటుగా ప్లాన్ మార్చుకుంటూ పోయాడు. తీసేశారు. నాకు ఆ రెండోమనిషి మీద గౌరవం.

తర్వాత 1814లో ఇంగ్లీషు సైన్యం వచ్చి తగలబెట్టింది. గోడలు మిగిలాయి, వాన కొంత కాపాడింది. మళ్లీ కట్టారు. చెక్కతో గుమ్మటం చేసి రాగిరేకు కప్పారు. భవనాన్ని రెండు పక్కలా పొడిగించాక ఆ గుమ్మటం పెద్దాయన తలమీద చిన్నపిల్లాడి టోపీలా కనబడింది. పీకేసి ఇప్పుడున్నది పెట్టారు. ఇప్పుడున్నది రాయి కాదు, పోతపోసిన ఇనుము. రాయిలా కనిపించాలని రంగు వేస్తారు. ఈ మాట చెప్తే చూడ్డానికి వచ్చినవాళ్ల ముఖాలు వాడిపోతాయి. “అయితే డూప్లికేటా?” అంటారు. అందుకే చెప్తాను.

మా చర్చి చరిత్ర కూడా అచ్చం ఇలాంటిదే. కాకపోతే దానికి గైడ్ లేడు.

మా తెలుగు సహవాసం మా ఇంటి బేస్‌మెంట్‌లో మొదలైంది. ఇంగ్లీషు చర్చికి వెళ్లొచ్చిన ఒక ఆదివారం మా ఆవిడ, “అక్కడ పాడినంతసేపూ ఎవరి పెళ్లికో వెళ్లినట్టుంది. మన పాట మనం పాడుకోవడానికి చోటు కావాలి” అంది. వచ్చే ఆదివారానికి పాత దుప్పట్లు ఉతికి వాటర్ హీటర్‌కి అడ్డంగా కట్టింది. నాలుగు కుటుంబాలు వచ్చాయి. ఆ తర్వాత మెట్లమీద చెప్పులకి చోటు లేకుండా పోయింది. మా వీధిలో కార్లు నిండిపోయాయని పక్కింటివాళ్లు గొణిగితే, ఒక్కో ఇంటికీ గారెల పళ్లెంతో వెళ్లి సర్దిచెప్పింది ఆవిడే. ఆరాధన అయ్యాక అందరికీ భోజనం. కొత్తగా వచ్చిన కుర్రాళ్లకి గది దొరికేదాకా ఆ బేస్‌మెంట్‌లోనే పడక. నాకు అప్పగించిన పని పార్కింగ్. మెరిసే చొక్కా వేసుకుని వీధి చివర చేతులు ఊపుతూ నిలబడేవాణ్ని. ఇప్పటికీ నా పని అదే. మొన్న క్రిస్మస్‌కి వేదిక మీద నుంచి నన్ను ‘మన పార్కింగ్ బ్రదర్’ అని పరిచయం చేశారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు.

జనం పెరిగాక ఒక అమెరికన్ చర్చిలో మధ్యాహ్నాలు హాలు అద్దెకి తీసుకున్నాం. చివరికి తివాచీలు అమ్మే పాత దుకాణం ఒకటి కొన్నాం. దాన్ని చర్చిగా మార్చడానికి బిల్డింగ్ కమిటీ వేశారు. దానికి ఛైర్మన్, మొదట్లో సూట్‌కేసుతో మా బేస్‌మెంట్‌లో దిగిన కుర్రాడే. ఇప్పుడు కుర్రాడు కాదు, పెద్ద ఉద్యోగం, పెద్ద వ్యాన్. వచ్చిన మొదటి రోజున మా ఆవిడ పెట్టిన పప్పులో ఉప్పు ఎక్కువైందన్నాడు. ఆవిడ మర్చిపోయి ఉంటుంది.

ఆ దుకాణం ముఖానికి తెల్లటి స్తంభాలు పెట్టించారు. లోపల డొల్ల, పైన ఫైబర్. నేను అడిగాను, “క్యాపిటల్‌లో స్తంభాలు కప్పుని మోస్తున్నాయి. ఇవి ఏం మోస్తాయి?”

“లుక్ మోస్తాయన్నా” అన్నాడు ఛైర్మన్.

వంటగదికి బయటకి ఒక తలుపు ఉండాలి, లేకపోతే వేడి గిన్నెలు పట్టుకుని ఆరాధన మధ్యలోంచి నడవాలి అని మా ఆవిడ అంటే ఆ మాట నేను కమిటీకి మెయిల్ చేశాను. ఒక రోజు ఆలస్యమైంది. ‘డెడ్‌లైన్ అయిపోయింది బ్రదర్’ అని జవాబు వచ్చింది. గడువు దాటి వచ్చిన ప్లాన్‌తోనే అమెరికా తన చట్టసభని కట్టుకుంది. తివాచీల దుకాణానికి మాత్రం గడువు గడువే.

అసలు గొడవ శిలాఫలకం దగ్గర. మనవాళ్లకి గోడ లేకపోయినా ఫర్వాలేదు, శిలాఫలకం ఉండాలి. బోరు వేసినా ఫలకమే, బస్ షెల్టరుకీ ఫలకమే. మా కమిటీ కూడా నల్ల గ్రానైట్ పలక ఒకటి ఒంగోలు వైపు నుంచి తెప్పిస్తోంది. పైన ముఖ్య అతిథి పేరు, తర్వాత మా పాస్టర్ గారు, తర్వాత కమిటీ, తర్వాత ప్లాటినం దాతలు, గోల్డ్ దాతలు, సిల్వర్ దాతలు. రాయి ఓడలో ఉండగా దాని నమూనాని అందరి ఫోన్లకీ పంపారు. నేను పైనుంచి కిందికీ, కిందినుంచి పైకీ చదివాను. మా ఆవిడ పేరు లేదు.

ఛైర్మన్‌ని కాఫీకి పిలిచి అడిగాను.

“అన్నా, స్టోన్ మీద స్పేస్ లేదన్నా. డిజైనర్ ఫాంట్ ఇంకా తగ్గిస్తే రీడ్ చేయలేరంటున్నాడు.”

“సహవాసం ఎక్కడ మొదలైందో రాయడానికి ఒక్క లైను.”

“ఓకే, నువ్వు ఫీల్ అవుతున్నావు కాబట్టి సిల్వర్ కింద నీ పేరు వేసి, అండ్ ఫ్యామిలీ అని పెట్టిస్తా. హ్యాపీయా?”

“ఫ్యామిలీ కాదు. ఆవిడ. బేస్‌మెంట్‌లో వండింది నేను కాదు.”

“సిస్టర్ ఇవన్నీ పట్టించుకోదన్నా. ఆమె హార్ట్ వేరు. నువ్వే...” అని ఆగిపోయాడు. ఆ ఆగిపోయిన మాటేమిటో నాకు తెలుసు. అదీ నా లెక్కలో రాసుకున్నాను.

ఇంటికొచ్చి చెప్తే మా ఆవిడ ఉల్లిపాయలు తరుగుతూ, “మీకెందుకండీ ఆ గొడవ” అంది. ఆ మాట ఎప్పుడూ అంటుంది. ఈసారి మాత్రం తరగడం ఆపి అంది.

ఫలకం ఆవిష్కరణకి గోదావరి జిల్లా నుంచి ఒక పెద్ద పాస్టర్ గారిని పిలిచారు. మా వైపు క్రైస్తవుల్లో ఆయన మాటకి తిరుగులేదు. విమానాశ్రయంలో పూలగుత్తి ఇవ్వడం ఛైర్మన్, రాత్రి విందు ఛైర్మన్, వేదిక మీద శాలువా ఛైర్మన్. శనివారం వాషింగ్టన్ చూపించడం, ఎండలో నడిపించడం, బాత్‌రూం ఎక్కడుందో వెతికిపెట్టడం నేను. ఈసారి నేను గొణగలేదు. దారి పొడవునా నా పక్క సీట్లో ఆయన ఒక్కరే దొరుకుతారు. మా ఆవిడ సంగతి మొత్తం చెప్తాను. ఆయన ఒక్కమాట అంటే రాయి మీద లైను దానంతటదే వస్తుంది. కాలేజీ నుంచి ఇంటికొచ్చిన మా అమ్మాయిని కూడా వెంటబెట్టుకున్నాను, ఇంగ్లీషులో సాయానికి.

కారు మా వీధి దాటకముందే ఆయన నిద్రపోయారు. వాషింగ్టన్ వెళ్లే పెద్ద రోడ్డు మీద ట్రాఫిక్ ఎంత ఉంటే అంత మంచిదని జీవితంలో మొదటిసారి అనుకున్నాను. ఆ రోజు ఖాళీగా ఉంది. గురక మాత్రం నిండుగా ఉంది.

కారు పార్క్ చేసి క్యాపిటల్ ఉన్న కొండ ఎక్కాం. గుమ్మటం కనబడగానే ఆయన జేబులోంచి ఫోన్ తీసి మా అమ్మాయికి ఇచ్చారు. నేను నోరు తెరిచేలోపల ఫొటో దిగడం, దాన్ని వాళ్ల సంఘాల గ్రూపులన్నిటికీ పంపడం అయిపోయాయి. నేను తొంగిచూశాను. ‘దేవుని కృపవలన వైట్ హౌస్ ఎదుట.’

“అయ్యగారూ, ఇది వైట్ హౌస్ కాదండీ.”

“ఆఁ, తెలుసు, తెలుసు. అందులోనిదే కదా ఇదీ” అన్నారు.

లోపలికి తిండి తీసుకెళ్లనివ్వరు. మా ఆవిడ ఆయన కోసం చేగోడీలు కట్టి ఇచ్చింది. పారేయండి అని తలుపు దగ్గర కాపలా మనిషి చెత్తబుట్ట చూపించాడు. “ఆహారం పారేయడమా!” అని అయ్యగారు వెనక్కి తిరిగారు. గోడ నీడలో నిలబడి ఒక్కొక్కటీ తినడం మొదలుపెట్టారు. అదే అదను అనుకుని నేను అందుకున్నాను. వాటర్ హీటర్‌కి కట్టిన దుప్పటి, గారెల పళ్లేలు, సూట్‌కేసులు, ఛైర్మన్, ఫాంట్, అన్నీ చెప్పాను. ఆయన నములుతూ “ఊఁ” అన్నారు. అనాల్సిన చోట్లే అన్నారు.

“ఇవి ఎవరు చేశారు?” అన్నారు చివరి చేగోడీ అయ్యాక.

“మా ఆవిడేనండీ. ఇంతసేపూ ఆవిడ గురించే చెప్తున్నాను.”

“దేవుడు ఆ చేతిని దీవించుగాక.”

మా అమ్మాయి నా చెయ్యి గిల్లింది. “నాన్నా, హి వాజ్ నాట్ లిజనింగ్. నువ్వు స్లోగా చెప్పు.”

లోపల చెవులకి హెడ్‌ఫోన్లు ఇచ్చారు. ముందు చిన్న సినిమా, తర్వాత గుమ్మటం కిందకి తీసుకెళ్లారు. అక్కడ తలెత్తితే పైన బొమ్మ ఉంటుంది. అమెరికా మొదటి అధ్యక్షుణ్ని మేఘాల మీద కూర్చోబెట్టి, చుట్టూ గ్రీకు రోము దేవతలని నిలబెట్టారు. అయ్యగారు చాలాసేపు మెడ ఎత్తే ఉన్నారు.

“మనిషిని ఆకాశానికెక్కించి దేవతల మధ్యన పెట్టారేంటయ్యా? ఇది క్రైస్తవ దేశమన్నారే!”

“మనవైపు ఎలక్షన్లప్పుడు కటౌట్లు కడతారు కదండీ. అలాంటిదే, సీలింగుకి వేశారు.”

“ఆ కటౌట్లు ఓడిపోతే తీసేస్తారు” అన్నారాయన. మంచి మాట. ఆయన తెలివితక్కువ మనిషి అని నేను ఎప్పుడూ అనను. ఇతరుల మాట వినరు, అంతే.

అక్కణ్నించి కింది అంతస్తుకి దిగాం. నలభై బలమైన స్తంభాలు, మధ్యలో నేలమీద ఒక నక్షత్రం. ఆ నక్షత్రం దగ్గరే ఊరు నాలుగు భాగాలుగా విడిపోతుంది. దాని కిందెక్కడో మొదటి అధ్యక్షుడి కోసం సమాధి కూడా కట్టారు. ఆయన తన పొలంలోనే పూడ్చమని విల్లు రాసి పోయాడు. కుటుంబం ఒప్పుకోలేదు. సమాధి ఖాళీగా ఉండిపోయింది. కమిటీ సొంతంగా నిర్ణయం తీసుకుంటే ఎలా ఉంటుందో చూపించడానికి నేను అందరినీ ఇక్కడ కొంచెంసేపు నిలబెడతాను.

అయ్యగారు నాలుగు గోడలూ చూశారు. స్తంభాల వెనక్కి వెళ్లి వచ్చారు. ఆయన దేనికోసం వెతుకుతున్నారో నాకు అర్థం కాలేదు. బాత్‌రూం అనుకున్నాను.

“శిలాఫలకం ఏదీ?” అన్నారు.

ఆయన జీవితంలో ఎన్ని రాళ్లు వేశారో! ఫలకం లేని భవనం ఆయనకి తల లేని మనిషిలా కనబడి ఉంటుంది. మా అమ్మాయి గైడ్‌ని అడిగింది. గైడ్ నవ్వి, అది మంచి ప్రశ్న అని చెప్పింది. మొదటి అధ్యక్షుడే స్వయంగా 1793లో మూలరాయి వేశాడు. దానితో పాటు ఒక వెండి రేకు కూడా పెట్టారు. ఆ రాయి ఇప్పుడు ఎక్కడుందో ఎవరికీ తెలియదు. చాలాసార్లు వెతికారు, లోహాన్ని పట్టే యంత్రాలతో కూడా చూశారు. దొరకలేదు.

“తాతగారూ, ఆ స్టోన్ పోయింది” అంది మా అమ్మాయి. “వాళ్లకి తెలీదు ఎక్కడ ఉందో. లైక్, నోబడీ నోస్.”

“పోయిందా?” ఆయన నిలబడిపోయారు. “ప్రెసిడెంటు వేసిన రాయి?”

అప్పుడు నేను నోరు మూసుకుని ఉంటే బాగుండేది. కానీ ఎన్నో ఏళ్లుగా తెలిసిన సంగతి, అడిగినవాళ్లు ఇంతకాలానికి ఒకరు దొరికారు. చెప్పాను. రాయి పోయినా భవనం నిలిచే ఉంది చూడండి అన్నాను. ఇసుకరాయి తవ్విన బానిసల పేర్లు, ఇటుకలు కాల్చినవాళ్ల పేర్లు ఏ ఫలకం మీదా లేకుండానే ఇదంతా లేచింది అన్నాను. అలాంటి మనుషులే అసలు పునాది అన్నాను. మా ఆవిడని మనసులో పెట్టుకునే అన్నాను. ఆయన నా రెండు చేతులూ పట్టుకున్నారు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

“మీరు చెప్పింది నాకు అర్థమైంది బ్రదర్” అన్నారు.

తిరుగు ప్రయాణంలో ఆయన నిద్రపోలేదు. ఏదో ఆలోచిస్తూ కూర్చున్నారు. నేను గెలిచాననుకున్నాను.

మర్నాడు ఆదివారం. రాయి ఇంకా ఓడలోనే ఉంది కాబట్టి, రాయి బొమ్మని ఫ్లెక్సీ మీద అచ్చువేయించి దానికే పట్టుగుడ్డ కప్పారు. మా ఆవిడ పొద్దున్నుంచీ వంటగదిలోనే ఉంది. దేవుని వాక్యం వినబడేలా అక్కడొక స్పీకరు పెట్టారు. నేను కార్లన్నీ సర్ది వచ్చి వెనక వరసలో నిలబడ్డాను, మెరిసే చొక్కాతోనే.

అయ్యగారు లేచారు. “నిన్న నేను వైట్ హౌస్ లోపలికి వెళ్లాను” అని మొదలుపెట్టారు. హాలంతా ముందుకి వంగింది. “ఆ కట్టడానికి ప్రెసిడెంటు వేసిన పునాదిరాయి ఈరోజు లేదు! యంత్రాలతో వెతికారు, కనబడలేదు! కానీ కట్టడం ఉంది! నన్ను తీసుకెళ్లిన సహోదరుడు ఒక సత్యం చెప్పాడు. కనబడని వాళ్లే పునాది. పేరు లేనివాళ్లే పునాది. మరి మనకెందుకు ఈ పేర్లు?” ఆయన చెయ్యి పట్టుగుడ్డ వైపు చూపించింది. “రాతి మీద పేరు కోసం ప్రాకులాడతావా సహోదరీ? సహోదరుడా?”

‘ఆమెన్’ అన్నారు అందరూ. కొందరు ఏడ్చారు. ప్లాటినం దాతలు కూడా ఆమెన్ అన్నారు, కొంచెం మెల్లగా.

ఛైర్మన్ ఒక్క గెంతులో వేదిక ఎక్కాడు. తర్వాత తెలిసింది, గోల్డ్ దాతలు ప్లాటినం ఫాంట్‌తో సమానంగా కావాలని పట్టుబట్టడంతో వారం రోజులుగా అతనికి నిద్ర లేదట. దేవుడే దారి చూపించాడు. “అయ్యగారి మాట ప్రకారం స్టోన్ మీద పేర్లన్నీ రిమూవ్ చేస్తున్నాం. జస్ట్ డేట్ తెలియడం కోసం అయ్యగారి పేరూ, కింద బిల్డింగ్ కమిటీ అనీ ఉంటుంది. ఈ ఐడియా ఇచ్చిన మన పార్కింగ్ బ్రదర్‌కి బిగ్ హ్యాండ్!”

మళ్లీ చప్పట్లు. ఈసారి నావైపు చెయ్యెత్తి చూపించారు. మా ఆవిడ పేరు రాయి మీద లేకపోవడం అప్పటిదాకా ఒక పొరపాటు. నా పుణ్యాన అది వాక్యమైంది.

ప్రార్థన ముగిసింది. భోజనానికి వరస కడుతున్నారు. అప్పుడు వంటగది తలుపు తెరుచుకుని మా ఆవిడ వచ్చింది. చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ హాలు మధ్యలోంచి నడిచి, ముందువరసలో ముఖ్య అతిథుల కోసం వేసిన మెత్తటి కుర్చీల్లో ఒకదానిలో, సరిగ్గా అయ్యగారి పక్కన కూర్చుంది. కూర్చుని చేతులు ఒళ్లో పెట్టుకుంది.

కాసేపు ఎవరికీ ఏమీ తెలియలేదు. తర్వాత వంటగదిలోంచి ఒక అమ్మాయి పరిగెత్తుకొచ్చింది.

“ఆంటీ, పెరుగుచట్నీ ఏ కూలర్‌లో ఉంది?”

“నాకేం తెలుసమ్మా.”

“పిల్లలకి కారం లేని చికెన్ ఏ ట్రే ఆంటీ? అన్నీ ఫాయిల్ వేసి ఉన్నాయి.”

“తెరిచి చూడండమ్మా.”

“ప్లేట్లు కనిపించట్లేదు ఆంటీ!”

“మా కారు డిక్కీలో ఉంటాయి” అంది మా ఆవిడ. కారు తాళం ఆవిడ చేతిసంచీలో ఉంది. చేతిసంచీ ఆవిడ ఒళ్లో ఉంది. ఆవిడ దాన్ని తెరవలేదు.

ఛైర్మన్ వచ్చి వంగి, మెల్లగా, “సిస్టర్, ఒంట్లో బాలేదా?” అన్నాడు.

“బానే ఉంది బాబూ. అయ్యగారు చెప్పారు కదా. పునాది అన్నాక కదలకూడదు. నేను కదలట్లేదు.”

అయ్యగారు పక్కనే ఉండి విన్నారు. ఆయన ఏదో అనబోయి, ఆవిడ ముఖం చూసి, తన బైబిలు సర్దుకున్నారు.

ఆ తర్వాత జరిగింది నేను తలుపు దగ్గర నిలబడి తృప్తిగా చూశాను. వేడి ట్రేల కింద వెలిగించే డబ్బాలు వెలిగించడం కమిటీలో ఎవరికీ రాలేదు. బిర్యానీ అనుకుని తెరిచిన ట్రేలో పిల్లల పాస్తా ఉంది. వేడి గిన్నెలు పట్టుకున్న ఇద్దరు ప్లాటినం దాతలు, బయటికి తలుపు లేని ఆ వంటగదిలోంచి వరస కట్టిన జనం మధ్యకి వచ్చి ఇరుక్కుపోయారు. ప్లేట్ల బదులు కాఫీ కప్పుల్లో అన్నం పెట్టారు. ముఖ్య అతిథికి ఛైర్మన్ స్వహస్తాలతో కప్పుడు పాస్తా, దానిమీద రైతా వేసి తెచ్చాడు. ఆయన ప్రార్థన చేసుకుని తిన్నారు.

“అన్నా, ప్లీజ్, సిస్టర్‌కి కొంచెం చెప్పన్నా” అని ఛైర్మన్ నా దగ్గరికొచ్చాడు.

“నాది పార్కింగ్” అన్నాను.

ఇంటికి వస్తున్నప్పుడు కారులో నేను ఉత్సాహంగా ఉన్నాను. ఆవిడ కిటికీలోంచి చూస్తోంది.

“మీకెందుకండీ గొడవ అనేదానివి కదా ఇన్నాళ్లూ” అన్నాను.

“మీరు సరిగ్గా గొడవ పడరని అన్నాను” అంది. “నిన్న అయ్యగారికి అంతా చెప్పారన్నారు. నా పేరు చెప్పారా?”

నేను కారు అద్దం సర్దుకున్నాను. అయ్యగారికి ‘మా ఆవిడ’ అనే చెప్పాను. మనలో ఎవరు చెప్తారు భార్య పేరు? మా నాన్నా చెప్పలేదు, బావలూ చెప్పరు. వెనక సీట్లోంచి మా అమ్మాయి, “నాన్నా, సీరియస్లీ?” అంది. ఆమెకి ఈ దేశం పద్ధతులు.

తర్వాత కొన్ని ఆదివారాలు మా ఆవిడ చర్చికి వచ్చింది, పాడింది, కూర్చుంది, లేచి వచ్చేసింది. భోజనం పిజ్జా. మొదటి వారం పిల్లలు సంతోషించారు. రెండో వారం పెద్దవాళ్లు ఇళ్లకి తొందరపడ్డారు. ఆ తర్వాత బ్రహ్మచారి కుర్రాళ్లు రావడం తగ్గింది. నిరాడంబరత గురించి అయ్యగారు చేసిన ప్రసంగం నిజంగా గొప్పది. చల్లారిన పిజ్జా ముందు అది ఎక్కువ రోజులు నిలవలేదు. అయ్యగారు అప్పటికే విమానం ఎక్కి వెళ్లిపోయారు.

ఒక సాయంత్రం ఛైర్మన్ మా ఇంటికి వచ్చాడు. సోఫా అంచున కూర్చున్నాడు. రాయి ఓడరేవుకి వచ్చిందట, ఇక్కడి మనిషి చేతే అక్షరాలు చెక్కిస్తారట. “కమిటీ డిసైడ్ చేసింది సిస్టర్. కిచెన్ డోర్ మీద మీ పేరుతో బ్రాస్ ప్లేట్...”

“వంటగదికి వద్దు” అంది మా ఆవిడ.

“మరి?”

“రాయి మీద. లేకపోతే ఎక్కడా వద్దు.”

ఛైర్మన్ నావైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను. అతను ఫోన్ తీసి టైపు చేయడానికి సిద్ధమయ్యాడు. తర్వాత బొటనవేలు గాలిలో ఆగిపోయింది. చెవులు ఎర్రబడ్డాయి.

“సిస్టర్... మీ పేరు?”

ఎన్నేళ్లు మా ఇంట్లో తిన్నాడు! సిస్టర్ అనే పిలిచాడు, పిల్లలు ఆంటీ అనే పిలిచారు, వాళ్లావిడ అక్కా అనే పిలిచింది. ఎవరికీ అవసరం రాలేదు. మా ఆవిడ ఆలోచించుకోలేదు. పుట్టింటి ఇంటిపేరుతో సహా చెప్పింది, ముక్క ముక్కగా, డిక్టేషన్ ఇచ్చినట్టు. ఆ ఇంటిపేరు ఆవిడ నోట విని చాలా కాలమైంది. “ఈ సహవాసం ఆమె ఇంట మొదలైంది అని రాయండి. తెలుగులో. అంతే, ఇంకేం వద్దు” అంది. ఆ వాక్యం ఆవిడ అప్పటికప్పుడు తయారుచేసింది కాదు. అందులో ఒక్క మాట ఎక్కువ లేదు.

ఇప్పుడు రాయి ఆ ఫైబర్ స్తంభాల పక్కన గోడలో ఉంది. పైన అయ్యగారి పేరు, కింద బిల్డింగ్ కమిటీ, మధ్యలో ఆవిడ లైను. అక్షరాలు పెద్దవే, ఫాంట్‌కి చోటు దొరికింది. ఆదివారం భోజనాలు మళ్లీ మొదలయ్యాయి. వంటగదికి బయటికి తలుపు పెట్టడానికి కమిటీ ఒప్పుకుంది. ఆ సలహా ఎవరు ఇచ్చారో మినిట్స్‌లో లేదు.

కార్లన్నీ సర్దాక, లోపలికి వెళ్లేముందు నేను ప్రతి ఆదివారం ఆ రాయి ముందు ఒక నిమిషం నిలబడతాను. ‘ఆమె ఇంట’ అని ఉంది. ఇల్లు ఇద్దరి పేరు మీదా ఉంది. పార్కింగ్ ఎవరు చూశారో ఎక్కడా లేదు. నా పేరు కూడా రాయించనా అని ఆవిడ ఆ సాయంత్రం నన్ను అడగలేదు. అడిగితే వద్దనేవాణ్నే. అడగాలి కదా.